పిల్లలమర్రి చూసి మా ఊరికి పోతే..

దసరా సెలవులల్ల అమ్మను, పాపను తీస్కొని హైదరాబాద్ నుంచి కార్ల పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ పోయినం. షాద్‌నగర్ దాటినంక బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలం గంపలు కనవడితే ఆగకుండ పోవుడు మాతోని కాదు, ఆ రకానికే బాలానగర్ అని పేరున్నది, వేరే రాష్ట్రాలల్ల తోటలు పెట్టినోళ్లు గూడ అదే పేరు చెప్తరు.

పాలమూరుకు నాలుగు కిలోమీటర్ల దూరంల పిల్లలమర్రి. ఏడు వందల ఏండ్ల చెట్టు అంటరు, దాదాపు మూడెకరాలు పరుచుకున్నది, అసలు మొదలు ఏదో ఊడ ఏదో గుర్తువట్టలేం. మా చిన్నప్పుడు బడి నుంచి పిక్నిక్‌కు తీస్కపోతే ఆ ఊడలు పట్టుకొనే ఊగినం. 2017 డిసెంబర్‌ల పెద్ద కొమ్మ ఇరిగిపడ్డది, చెదలు లోపలంత తినేసినయ్, 2018ల మనుషులకు సెలైన్ ఎక్కిచ్చినట్టే మందు కలిపిన సీసాలు కొమ్మలకు కట్టి చుక్క చుక్క ఎక్కిచ్చిన్రు, బరువు ఆపనీకి కింద సిమెంటు దిమ్మెలు కట్టిన్రు. ఆ దిమ్మెలు చూసి నాకు మస్తు సంతోషమైంది, ఒక చెట్టు కోసం ఇంత చేసిన్రంటే చిన్న సంగతి కాదు.

వాపస్ వచ్చేటప్పుడు జడ్చర్ల దగ్గరి మా ఊరికి మళ్లినం. గల్లీ మొదట్ల చింతచెట్టు ఉంటుండె, ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందకపోవు. ఎండాకాలం మొదలైందంటే ఆడోళ్లంత దాని కిందనే కూసొని చింతపండు కొడుతుండ్రి, గింజలు మాకు, వేయించి రాత్రంత నానవెట్టుకొని తెల్లారి జేబులల్ల పోసుకొని బడికి పోతుంటిమి, మిగిలినయి అరగదీసి అష్టాచెమ్మ ఆడేది. చిగురు వస్తే ఇంటింటికి పప్పు అదే, చింతకాయ తొక్కు ఏడాదికి సరిపడ పెట్టేది మా అమ్మ. చీకటి పడితే మాత్రం దయ్యం ఉంటదని ఆ పక్కకు ఎవ్వలు పోకపోతుండె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన్రు, ఫోన్ల విన్నదే గాని కండ్లతోని చూస్తే వేరే, ఎండ సక్కగ మా గడప మీద పడుతున్నది. నాలుగడుగులు పక్కకు జరిపితే రోడ్డుకు ఏమైతుండె?

"ఇగో బిడ్డా, ఇక్కడనే నిన్ను చీర ఉయ్యాలల ఏసి నేను చింతపండు కొట్టేదాన్ని" అని అమ్మ మోరీ పక్క జాగ చూపిచ్చింది.

ఇంటెనక వేపచెట్టును ఎవ్వలు కొట్టలే. 2021ల తెలంగాణంత వేపలకు తెగులు వచ్చింది గదా, కొమ్మల కొనల నుంచి ఎండుకుంట వచ్చె, శానా చెట్లు మళ్ల చిగురు ఏసినయ్ గాని మాది ఏయలే. ఉగాది పువ్వు ఇప్పుడు పక్క వాడకెల్లి తెచ్చుకుంటున్నరంట.

బడి సార్ ఊర్లనే ఉంటడు, పోయి అడిగితే కాంపౌండ్ గోడ ఎంబడి జాగ ఉన్నదన్నడు. జూన్‌ల వానలు పడంగనే రెండు చింత, ఒక వేప పెడదామని మాట అనుకున్నం. గింజ నుంచి పెంచితే చింత కాయనీకి ఏడెనిమిదేండ్లకు తక్కువ గాదు, అయినా సరే. నీళ్లు పోసుడు మా చిన్నాయన చూస్కుంటనన్నడు, మేకలు తినకుండ ముండ్లకంప గూడ ఆయననే కట్టిస్తడు, మొక్కలు నేను తేవాలె.