కప్పు చీజ్ అంటే ఎన్ని గ్రాములు?

అమెరికాలో ఒక క్యాంటీన్ వంటగదిలో పనికి చేరిన రెండో వారం. ఆ రోజు మాకరోనీ అండ్ చీజ్, అంటే చీజ్ సాస్ కలిపిన పాస్తా, చేయాలి. రెసిపీ కాగితంలో తురిమిన చెడ్డార్ చీజ్ 3 కప్పులు అని ఉంది. మాకు కావలసింది దానికి 12 రెట్లు, అంటే 36 కప్పులు. అన్ని కప్పులు కొలిచే తీరిక లేక తూకంలోకి మార్చాను. కప్పుకి 8 ఔన్సులని గోడ మీద పట్టిక ఉంది. ఆ లెక్కన 288 ఔన్సులు, పౌనుకి 16 ఔన్సుల చొప్పున 18 పౌన్లు. రెండుసార్లు సరిచూసుకున్నాను. హెచ్చవేతలో తప్పు లేదు.

సాస్ మాత్రం విరిగిపోయింది. పైన నూనె తేలింది, అడుగున చీజ్ రబ్బరులా ముద్దకట్టింది. లంచ్‌కి గంట కూడా లేదు. చేతులు వణికాయి.

నాతో పనిచేసే పెద్దావిడ కోప్పడలేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమని తెలిసి, చేసి చూపించింది. ఖాళీ కప్పు కాటా మీద పెట్టి అంకె సున్నా చేసింది. తురిమిన చెడ్డార్ నింపితే 4 ఔన్సులు చూపించింది. అది తీసేసి అదే కప్పులో నీళ్ళు పోస్తే 8 దాటింది. అప్పుడు అర్థమైంది. పట్టికలో ఉన్నది ఫ్లూయిడ్ ఔన్సు, కప్పులో ఎంత పడుతుందో చెప్పేది. కాటా చూపించేది బరువు, అందులో ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. రెండింటికీ పేరు ఔన్సే. నేను వేయాల్సింది 9 పౌన్లు, వేసింది 18.

ఆ తర్వాత ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. కొత్త చీజ్ వచ్చినప్పుడల్లా నొక్కకుండా కప్పు నింపి, అంచుకి సమంగా గీసి, మూడుసార్లు తూచి సగటు రాసుకుంటాను. అమెరికన్ కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. అందులో తురిమిన చెడ్డార్ 113 గ్రాములు పడుతుంది, ముక్కలుగా కోస్తే 130 దాటుతుంది. పొడిపొడిగా చిదిపిన ఫెటా 150, క్రీమ్ చీజ్ 230, రికొట్టా 245 దాకా. పార్మెజాన్ దగ్గరే నాకు ఎక్కువ టెన్షన్. పొడి చేసినదైతే కప్పుకి 100 గ్రాములు. సన్న పళ్ళ తురుముపీట మీద అప్పటికప్పుడు తురిమితే దూదిలా లేస్తుంది, 30 కూడా తూగదు. అదే కప్పు, అదే చీజ్, మూడు రెట్లకు పైగా తేడా! కప్పులో ఎక్కువ భాగం గాలే మరి.

ఇంగ్లీషు రెసిపీల్లో కామా కూడా చూసుకోవాలి. తురిమిన చీజ్ 1 కప్పు అంటే తురిమాక కొలవాలి. చీజ్ 1 కప్పు, కామా, తురిమినది అంటే ముందు కొలిచి తర్వాత తురమాలి. రాసినవాళ్ళందరూ ఇది పాటించరు, అందుకే నాకు గ్రాముల్లో రాసిన రెసిపీ అంటేనే నమ్మకం. 200 గ్రాముల చీజ్ ఎలా తురిమినా 200 గ్రాములే. పార్మెజాన్‌కైతే పై గట్టి చెక్కు తీసేశాకే తూచాలి.

రెసిపీలో గ్రాములు లేకపోతే ప్యాకెట్ చూస్తాను. తురిమిన చీజ్ 8 ఔన్సుల ప్యాకెట్ మీద చాలాసార్లు 2 కప్పులని రాసి ఉంటుంది. నేను చేరిన రోజు నుంచీ ఆ ప్యాకెట్లు మా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. గోడ మీది పట్టికలో ఇప్పుడు 8 ఔన్సుల పక్కన ‘నీళ్ళకి’ అని ఇంగ్లీషులో పెన్నుతో రాసి ఉంది. ఆ అక్షరాలు నావే.