సూది పొట్లం మీద ‘జంతు’ అన్న మాట

విజయనగరంలో ఇంటి దగ్గర ఉండే నేను వైద్య పరికరాల వాడకపు పత్రాలను హిందీ నుంచి తెలుగులోకి అనువదిస్తాను. ఈసారి వచ్చిన పత్రాల మూలం గుజరాతీ. గుజరాతీ నుంచి నేరుగా తెలుగులోకి రాయగలవారు నాకు దొరకలేదు కనుక ముందు హిందీలోకి తెచ్చేవారిని వెతికే బాధ్యతను కూడా నేనే తీసుకున్నాను. హిందీలో దొర్లిన తప్పు నా తెలుగులోకీ, ఆ తెలుగు చదివి సూది అందుకునే నర్సు చేతిలోకీ వస్తుందన్న భయం నాకు మొదటి నుంచీ ఉంది.

తొలి నమూనాలోనే ఆ భయం నిజమైంది. గుజరాతీలో జంతు అంటే పురుగు, క్రిమి. ‘జంతురహిత్’ అంటే సూక్ష్మక్రిములు లేనిది. అనువాదకుడు లిపి మాత్రమే మార్చి ఆ మాటను అలాగే ఉంచారు. హిందీలో మాత్రం మనకు లాగే జంతు అంటే జంతువు. అక్కడ ‘రోగాణురహిత్’ అని ఉండాలి. మరో వాక్యం ఇంకా బాధించింది. ‘ఫరీ వాపర్వుం నహీం’ అంటే మళ్లీ వాడరాదని అర్థం కాగా, ‘వాపస్’ అన్న హిందీ మాట చెవిలో మెదిలిందేమో, తిరిగి ఇవ్వరాదని రాశారు. పక్కనే వలయంలో 2 అంకెను గీతతో కొట్టేసిన, మళ్లీ వాడరాదని చెప్పే గుర్తు ఉన్నా ఆయన దానిని చూడలేదు. అంకెలూ ప్రమాదమే: గుజరాతీ ఒకటి అలవాటు లేని కంటికి 9లా కనిపిస్తుంది.

1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, వైజ్ఞానిక, సాంకేతిక పరిభాషా సంఘం వారి వైద్య పదకోశం ఇంగ్లీషు నుంచి హిందీకి ఉంది కనుక, గుజరాతీ మాటకు సరైన ఇంగ్లీషు పదం ముందు తెలిస్తేనే అది అక్కరకు వస్తుంది. అందుకే ఇంట్లో హిందీ మాట్లాడుతూ సూరత్, అహ్మదాబాద్ వంటి చోట్ల గుజరాతీ చదువుకున్నవారిని, వారిలోనూ ల్యాబులోనో ఆసుపత్రిలోనో పనిచేసినవారిని అడగడం మొదలుపెట్టాను. అందరికీ ఒకే అర పేజీ ఇచ్చి, ఆ పనికి కూడా డబ్బు చెల్లించాను, ఎందుకంటే ఉచితంగా అడిగితే శ్రద్ధగా చేసేవారు మిగలరు.

వడోదరలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసిన ఒకావిడ ఆ అర పేజీని పూర్తి చేయకుండానే తిప్పి పంపి, “మూత తీయాలని మాత్రమే ఉంది, తిప్పి తీయాలా, లాగి తీయాలా? ఫొటో ఉంటే పంపండి” అని అడిగారు. ఆ రాత్రే కంపెనీకి ఫొటో కోసం రాసి, మిగిలిన నలభై పేజీలూ ఆవిడకే అప్పగించాను.