ఇంటికి వెళ్ళే ముందు కొన్ని వారాలు

గత ఏడాది స్నానాలగదిలో జారిపడి ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక విరిగినప్పుడు, డాక్టర్లు ఆ ఎముక తలను తీసివేసి దాని స్థానంలో లోహపు బంతిని అమర్చారు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడే ఫిజియోథెరపిస్టు వచ్చి, వాకరు పట్టించి మంచం పక్కన నిలబెట్టారు కూడా. అసలు చిక్కు ఆసుపత్రి నుంచి పంపించే రోజున మొదలైంది. తిరుపతి కొర్లగుంటలోని ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను, అబ్బాయీ కోడలూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ ఫ్లాటుకు వెళ్తే మంచానికి అతుక్కుపోతాననీ, ఇంట్లోనే ఆయాను పెట్టుకుంటే అన్నీ ఆమె చేత చేయించుకోవడానికి అలవాటు పడతాననీ భయపడి, అలిపిరి వైపున్న ఒక నర్సింగ్ కేంద్రంలో కొన్ని వారాలు ఉండాలని నిర్ణయించుకున్నాను.

ఈ సంగతి విని మా వీధిలో ఒకావిడ "కొడుకుండీ ఆశ్రమంలో చేర్చినాడా?" అని అడిగింది. ఎముకల వైద్యానికీ పునరావాసానికీ దేవస్థానం వారు 1985లో పెట్టిన బర్డ్ ఆసుపత్రి ఉన్న ఊరిలో, కృత్రిమ కాళ్ళూ వాకర్లూ రోజూ కంటబడే ఊరిలో ఆ ప్రశ్న రావడం నాకు వింతగానే తోచింది. అబ్బాయి మాత్రం చాలా నొచ్చుకున్నాడు.

కేంద్రంలో నన్ను చూసుకున్న అమ్మాయి మొదటి రోజే "పెద్దమ్మా, నేను పట్టుకోను, పక్కనే ఉంటాను, మీరే లేయండి" అంది. డబ్బు కట్టి చేరింది ఇందుకా అని కోపం వచ్చింది. లేవడానికి కూడా ఒక పద్ధతి ఉందని అక్కడే తెలిసింది: వాకరును పట్టి లాగకూడదు, కుర్చీ అంచుకు జరిగి, ఆపరేషన్ అయిన కాలిని కాస్త ముందుకు చాపి, కుర్చీ చేతులను నొక్కుతూ లేవాలి, నిలబడ్డాకే వాకరు అందుకోవాలి. తుంటి 90 డిగ్రీలకు మించి వంగకూడదు కనుక కింద పడ్డ జేబురుమాలు తీసుకోవడానికి కూడా పొడవాటి పట్టకర్ర వాడేదాన్ని. కాళ్ళు ఒకదానిమీద ఒకటి వేసుకోకుండా, నిద్రలో రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టేవారు.

అక్కడి భోజనం చప్పగా ఉండేది, సాయంత్రాలు సాగేవి కావు. ఆ సంగతి అంతటితో వదిలేస్తాను. నాకు బాగా పనికివచ్చింది వంటగది పాఠం. వాకరుతో నడిచే మనిషికి రెండు చేతులూ ఖాళీ ఉండవు, మరి కాఫీ గ్లాసు ఎలా మోయాలి? రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు వాకరుకు గుడ్డసంచి కట్టించి, అందులో మూత బిగించిన ఫ్లాస్కు పెట్టించారు; పాలగిన్నెను ఎత్తకుండా గట్టుమీదనే జరుపుకుంటూ పొయ్యి దాకా తీసుకెళ్ళడం చూపించారు. ఎవరినీ పిలవకుండా కాఫీ కలుపుకుని తాగిన ఉదయం, చక్కెర ఎక్కువైనా గ్లాసు ఖాళీ చేశాను. రాత్రిపూట బాత్రూముకు లేవడానికి మాత్రం చాలా కాలం పట్టింది, ఎందుకంటే పడ్డది అక్కడే కాబట్టి కాలికంటే మనసే మొరాయించేది.

చివరి వారం మెట్ల పని. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లుంటే, నాకు కావలసినవి మా వాకిట్లోని మూడే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని రోజూ అప్పజెప్పించుకుని మరీ ఎక్కించేవారు.

ఈలోగా అబ్బాయి సెలవు పెట్టి వచ్చి, స్నానాలగదిలో పట్టుకునే కమ్మీలు బిగించి, కమోడు మీద ఎత్తు పీట అమర్చి, జారే కాలిపట్టాలన్నీ చుట్టి అటకెక్కించాడు. ఇప్పుడు ఇంట్లో ఊతకర్ర చాలు, కూరగాయలకు సందు చివర దాకా ఒక్కదాన్నే వెళ్తున్నాను. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం డాక్టరు గారు వద్దన్నారు కనుక, వరలక్ష్మీ వ్రతం ఈసారి కుర్చీలో కూర్చునే చేసుకున్నాను.