కుడిచేతి బొటనవేలు

రెండో శనివారం, సెలవు. కాస్త ఆలస్యంగా లేద్దామనుకున్నాను. ఆరున్నరకే అత్త ఫోన్.

"అబ్బాయ్, నాకు రేషనూ వద్దు, బియ్యమూ వద్దు. ఆ వేలిముద్ర మాత్రం వెయ్యను."

కార్డుకి ఈకేవైసీ, అంటే వేలిముద్రతో గుర్తింపు సరిచూపించుకోవడం, చేయించుకోమని రేషన్ డీలర్ కబురు పెట్టాడట. సరిగ్గా అదే రాత్రి ప్రార్థన కూటం ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరో ఏడుపు గొంతుతో చెప్తున్నాడు. ఆధార్, వేలిముద్ర, రేషన్ మిషన్, అన్నీ కలిపి 666కి, అంటే బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని క్రూరమృగం సంఖ్యకి, రంగం సిద్ధం చేస్తున్నారట. ముద్ర వేయించుకున్నవాడికి పరలోకం లేదట. చివర్లో మామూలే, "ఇరవై మందికి పంపండి".

నవ్వబోయి ఆగాను. అత్త చదివింది ఐదో తరగతే అయినా ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయం నాకంటే బాగా వచ్చు. కుడిచేతిమీదో నొసటిమీదో ముద్ర ఉండాలి, ఆ ముద్ర లేనివాడికి క్రయవిక్రయాలు లేవు. ఇక్కడ మిషన్ మీద వేలు పెడితేగానీ బియ్యం ఇవ్వరు. దాన్నీ మనం ముద్ర అనే అంటాం కదా. వేరే భాషలో చదువుకునేవాళ్లకి ఈ వాక్యం ఇంత దగ్గరగా వచ్చి తగలదేమో.

ఈ భయం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఒకన్నయ్య, సబ్బు పెట్టె మీద గీతల్లో మూడు ఆరులు దాక్కున్నాయని చెప్తే ఇంటికొచ్చి పెట్టె చింపి మరీ వెతికాను. బార్‌కోడ్‌కి రెండు చివర్లా, మధ్యలోనూ జంట గీతలు ఉంటాయి. ఆరు అంకెకి వాడే గీతల్లాగే కనిపిస్తాయి గానీ నిజానికి అవి అంకెలే కావు. కోడ్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది అని స్కానర్‌కి తెలియడానికి పెట్టిన హద్దులు. ఈ సంగతి నాకు ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది. 1974లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైన ఆ గీతలు ఇప్పుడు మా చర్చిలో పంచే బిస్కెట్ ప్యాకెట్ల మీద కూడా ఉన్నాయి. బార్‌కోడ్ తర్వాత ఆధార్ వంతు వచ్చింది. 2021లో కోవిడ్ టీకా వంతు. ప్రతిసారీ లెక్క తప్పింది. ఒక్కసారైనా "మేము పొరబడ్డాం, ఇరవై మందికి పంపండి" అని మెసేజ్ రాలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పది గంటలకి అత్తని స్కూటీ ఎక్కించుకున్నాను. "ఊరికే చూసొద్దాం, వెయ్యకపోతే మానెయ్" అని చెప్పి.

దారిలో రోమా చక్రవర్తి నీరో గురించి చెప్పాను. హెబ్రీలో అక్షరాలకి అంకెల విలువ ఉంటుంది, నీరో కైసరు అన్న పేరు ఆ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది, ప్రకటన గ్రంథం రాసిన యోహాను చెప్పింది ఆ చక్రవర్తి గురించే అని చాలామంది బైబిల్ పండితుల అభిప్రాయం. క్రీ.శ. 64లో రోము నగరం తగలబడినప్పుడు తన మీదికి వస్తున్న నిందని క్రైస్తవుల మీదికి తోసింది ఆ నీరోనే. ఆ తర్వాత కూడా చాలాకాలం మనవాళ్ల మీద పుకార్లు ఆగలేదు. రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటూ వాటిని క్రీస్తు శరీరం, రక్తం అంటూ ప్రభువు బల్ల ఆచరిస్తున్నారు కాబట్టి రహస్యంగా పసిపిల్లల్ని చంపి తింటున్నారని చెప్పుకున్నారు.

"మన గురించా!" అంది అత్త. బ్రేక్ వేసినంత పనైంది ఆ కేకకి.

కాసేపాగి, "అయితే సాతాను లేడంటావా?" అంది.

ఉన్నాడనే నమ్ముతాను. చీకటి లేదనే క్రైస్తవుణ్ణి కాను నేను. చేతబడి చేస్తోందన్న అనుమానంతో దిక్కులేని ఆడమనిషిని చెట్టుకి కట్టేసి కొట్టిన వార్త పేపర్లో చదివినప్పుడు, బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రికలోని అంధకార సంబంధులైన లోకనాథులు, అంటే చీకటి శక్తులు, నాకు చాలా స్పష్టంగా కనిపిస్తారు. అక్కడా మొదట పుట్టేది పుకారే. అలాగే బైబిల్లోనే యెషయా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఒక మాట ఉంది. ఈ ప్రజలు బందుకట్టు అన్నదంతా బందుకట్టు అనుకోవద్దు, వాళ్లు భయపడేదానికి భయపడొద్దు అని. బందుకట్టు అంటే కుట్ర. పాత తెలుగు కాబట్టి ఎవరూ పట్టించుకోరు గానీ, వాట్సాప్ తెరిచే ముందు చదువుకోవాల్సిన వాక్యం. ఇదంతా స్కూటీ మీద అరుస్తూ చెప్పాను. ఎంత వినపడిందో తెలీదు.

షాపు దగ్గర లైను పెద్దగా లేదు. అత్త వంతు వచ్చింది. కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుని కుడి బొటనవేలు పెట్టింది. మిషన్ తీసుకోలేదు. తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఎన్నో ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసిన చేతులు, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. "ఎడం చెయ్యి పెట్టమ్మా" అన్నాడు డీలర్.

అత్త మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఎడం చెయ్యయితే పర్లేదు అబ్బాయ్, కుడిచేతి మీద అని కదా రాసుంది!"

ఎడం బొటనవేలు పడింది. నా నీరో ఎందుకూ పనికిరాలేదు.

ఆమెని ఇంటి దగ్గర దించి వస్తుంటే మలుపులో బత్తాయిల బండి కనపడింది. ఈ డైరీలో రాయాలనుకున్నది అసలు ఇది. 2020 ఏప్రిల్‌లో, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన ముస్లిం మత సమావేశం వల్ల కరోనా వ్యాపించిందన్న వార్తలు వస్తున్నప్పుడు, ఒక వీడియో వచ్చింది. ఒక ముస్లిం పళ్లవ్యాపారి పళ్లకి ఎంగిలి రాస్తున్నాడని. నేను చదువుకున్నవాణ్ణి, సండే స్కూల్ బార్‌కోడ్ కథకి నవ్వుకునేవాణ్ణి. చూసిన రెండు నిమిషాల్లో దాన్ని మూడు గ్రూపులకి పంపాను, అందులో మా వీధి గ్రూపు ఒకటి. అది కరోనాకి సంబంధం లేని పాత వీడియో అని తర్వాత తేలింది. ఆ వేసవంతా మా వీధిలో ఈ బండి దగ్గర ఎవరూ ఆగలేదు. ఈ బాబాయ్ కూడా ముస్లిమే. నేను పంపకపోయినా ఆగేవాళ్లు కాదేమో, ఇంకెవరో పంపేవారేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధసాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞలో అలాంటి వెసులుబాటు ఏమీ లేదు. మన బైబిల్లో సాతానుకి ఇంకో పేరు అపవాది. అపవాదు వేసేవాడు. ఆ రోజు ఆ పని నా బొటనవేలు చేసింది, కుడిదే.

బండి ఆపాను. "బాగున్నారా సార్, ఈ మధ్య కనపడటం లేదు" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. డజను బత్తాయిలు ఏరించుకుని, చిల్లర లేదంటే మిగతా ఇరవై రేపు తీసుకుంటానని చెప్పి వచ్చేశాను.