బిల్లు భయంతో డాక్టరును వాయిదా వేసే మన విద్యార్థులకు

అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థుల్లో చాలామంది జ్వరం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా ముందు ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో మాత్రలు వెతుక్కుంటారు. ఆ తర్వాత హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తెలిసిన డాక్టరుకు వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. రెండూ పనిచేయకపోతే ఓర్చుకుంటారు తప్ప దగ్గరలోని ఆస్పత్రికి వెళ్లరు. ఇది నిర్లక్ష్యం కాదు, బిల్లు భయం. ప్రీమియం పూర్తిగా కట్టి కూడా ఇన్సూరెన్స్ వాడుకోవడానికి జంకే ఈ పరిస్థితి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. ఇక్కడి లెక్క ఎలా నడుస్తుందో ముందే తెలిస్తే ఈ భయంలో చాలా భాగం పోతుందని నా నమ్మకం.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వచ్చేవారికి ఫెడరల్ నిబంధనల్లో ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. జె-1 అనే ఎక్స్‌చేంజ్ వీసా వారికి మాత్రం ఒక్కో ప్రమాదానికి లేదా జబ్బుకు కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. అందువల్ల ఎఫ్-1 విద్యార్థుల విషయంలో నిబంధన పెట్టేది విశ్వవిద్యాలయమే. చాలాచోట్ల యూనివర్సిటీ ప్లాను ధరను ఫీజులోనే కలిపేసి, దానికి సమానమైన వేరే ప్లాను చూపిస్తే వేవర్, అంటే దాని నుంచి మినహాయింపు, ఇస్తారు. ఆగస్టు వచ్చేసరికి సీనియర్ల గ్రూపుల్లో చవక ప్లాన్ల లింకులు తిరగడం మొదలవుతుంది. ఎడ్యుకేషన్ లోనుతో వచ్చినవారు ఆ తేడా డబ్బు గురించి ఆలోచించడం సహజమే, వారిని తప్పుపట్టలేను. అయితే ధర చూసే ముందు ప్లాను పత్రంలో ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఉండే పేజీలు చదవాలి. అంతకుముందే ఉన్న జబ్బులు, ఆటల్లో తగిలే గాయాలు, మానసిక వైద్యం, కాన్పు ఖర్చులు చాలా చవక ప్లాన్లలో ఆ పేజీల్లోనే తీసివేసి ఉంటాయి. ఉబ్బసమో థైరాయిడో ఉన్న పిల్లలకు అలాంటి ప్లాను దాదాపు ఎందుకూ కొరగాదు. దీనికి భిన్నంగా, ఏదైనా బీమా కంపెనీ ద్వారా యూనివర్సిటీ ఇప్పించే ప్లానుకు 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం వర్తిస్తుంది కాబట్టి, పాత జబ్బును సాకుగా చూపి కవరేజీ నిరాకరించడానికి వీలుండదు.

ఇక డబ్బు లెక్క. ఆస్పత్రి 8,000 డాలర్ల బిల్లు వేసిందనుకుందాం. ఆ ఆస్పత్రి మీ ప్లాను నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల జాబితాలో ఉంటే, కంపెనీతో ముందే కుదుర్చుకున్న ధర మాత్రమే చెల్లుతుంది. అది 3,000 అనుకుంటే మిగతా 5,000 రద్దయిపోతుంది, దాన్ని మీ దగ్గర వసూలు చేయకూడదు. మీ డిడక్టిబుల్ (కంపెనీ చెల్లించే ముందు మీరు కట్టాల్సిన మొత్తం) 500 డాలర్లయితే ముందు ఆ 500 మీరు కట్టాలి. మిగిలిన 2,500లో కోఇన్సూరెన్స్ (మిగతా ఖర్చులో మీ వాటా) 20 శాతం అయితే ఇంకో 500 మీ వంతు. మొత్తం వెయ్యి. ఏడాదిలో ఇలా మీ జేబు నుంచి పోయే సొమ్ము ‘అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్’ అనే పరిమితిని చేరాక, నెట్‌వర్క్‌లో చేయించుకునే, ప్లాను వర్తించే వైద్యానికి కంపెనీయే పూర్తిగా చెల్లిస్తుంది. మొదట కనిపించే 8,000 అంకెను చూసి బెంబేలెత్తడానికి కారణం ఈ మధ్య మెట్లు తెలియకపోవడమే.

ఎక్కడికి వెళ్తున్నామన్నదాన్ని బట్టి కూడా ఖర్చు మారుతుంది. జ్వరం, గొంతునొప్పి, ఒంటిపై దద్దుర్లు వంటివాటికి క్యాంపస్‌లోని స్టూడెంట్ హెల్త్ సెంటర్ చాలు, అక్కడ చాలాసార్లు ఖర్చు నామమాత్రం. అది మూసి ఉన్న సమయంలో కుట్లు పడాల్సిన గాయం, బెణుకు లాంటివి అయితే అర్జెంట్ కేర్‌కు, అంటే ప్రాణాపాయం లేని అత్యవసరాలను చూసే క్లినిక్‌కు వెళ్లాలి. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, ఆగని రక్తస్రావం, భరించలేని కడుపునొప్పి ఉంటే ఆలోచించకుండా ఎమర్జెన్సీకే వెళ్లాలి. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ బీమా) తీసుకునే ఆస్పత్రి ఏదైనా సరే, ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బుతో సంబంధం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే పరిస్థితి కుదుటపడేదాకా చికిత్స చేయాలని 1986 నాటి చట్టం చెబుతోంది. ఆ సమయంలో ఏ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉందోనని వెతకనక్కర్లేదు కూడా. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల, ఆ చట్టం పరిధిలోకి వచ్చే ప్లాను ఉన్నవారికి ఎమర్జెన్సీ వైద్యంలో నెట్‌వర్క్ బయటి ధర పడదు. రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు మాత్రం ఈ రక్షణ లేదు, ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అయినా మనిషి స్పృహలో లేనప్పుడు 911కు ఫోన్ చేయడానికి ఒక్క క్షణం కూడా వెనకాడకూడదు.

నేను చదువుకునే రోజుల్లో మా రూమ్మేటుకు అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత కొన్ని వారాలకు క్లెయిము తిరస్కరించామని ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. అందరం కూర్చుని ప్రకటనల కాగితాల మధ్య పడి ఉన్న పాత ఉత్తరాలన్నీ వెతికితే, ‘మీకు వేరే ఇన్సూరెన్స్ ఏదైనా ఉందా’ అని అదే కంపెనీ అంతకుముందు పంపిన ఒక తెల్ల కవరు విప్పకుండానే దొరికింది. దానికి జవాబు రాలేదన్నదే తిరస్కరణకు కారణం. అతను ఫోన్ చేసి వేరే ఇన్సూరెన్స్ ఏదీ లేదని చెప్పాక క్లెయిమును మళ్లీ పరిశీలించి తమ వంతు కట్టారు. అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది, చిరునామా మారిన వెంటనే యూనివర్సిటీలోనూ ఇన్సూరెన్స్ పోర్టల్‌లోనూ మార్చుకోమని, వచ్చిన ప్రతి కవరూ విప్పమని.

వైద్యం అయ్యాక కంపెనీ నుంచి ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’ అనే కాగితం వస్తుంది. దాని మీద ‘ఇది బిల్లు కాదు’ అని రాసి ఉంటుంది, మీ వంతు ఎంతో అందులోనే తేలుతుంది. ఆస్పత్రి బిల్లు దానితో సరిపోలేదాకా డబ్బు కట్టకండి. సరిపోలకపోతే బిల్లింగ్ విభాగాన్ని అడిగి ఒక్కో చార్జీ విడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు తెప్పించుకోండి. చేయని పరీక్షకు వేసిన చార్జీ అందులో కనబడితే తీసేయమనే హక్కు మీకుంది. అఫర్డబుల్ కేర్ చట్టం వర్తించే ప్లానులో క్లెయిము తిరస్కరిస్తే, ఆ నోటీసు అందిన 180 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. అంతా సరిగ్గానే ఉండి కట్టే స్తోమత లేకపోతే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ (బిల్లు తగ్గింపు లేదా మాఫీ) దరఖాస్తు ఇమ్మని ఆస్పత్రిని అడగండి. పన్ను మినహాయింపు పొందే లాభాపేక్ష లేని ఆస్పత్రులకు అలాంటి విధానం ఉండి తీరాలి, మొదటి బిల్లు పంపిన 240 రోజుల వరకు ఆ దరఖాస్తును అవి తీసుకోవాలి. అర్హత నిబంధనలు ఆస్పత్రిని బట్టి మారతాయి గనుక, విద్యార్థి వీసా మీద ఉన్నాం కదా, మనకెందుకు ఇస్తారని ముందే అనుకోకండి. అది కుదరకపోయినా వడ్డీ లేకుండా నెలవారీ వాయిదాల్లో కట్టుకోవడానికి చాలా ఆస్పత్రులు ఒప్పుకుంటాయి, అయితే బిల్లు వసూలు ఏజెన్సీకి వెళ్లకముందే ఆ ఫోన్ చేయాలి.