మూడు చెక్కపారల జెండా

నార్వే రాజధాని ఓస్లో నుంచి అయిదు గంటలు కారులో కూర్చునేసరికి నడుం పట్టేసింది. ఓట్టా దగ్గర పెద్ద రోడ్డు వదిలి పడమటికి తిరిగాక, దారంతా ఏటి పక్కనే. పాలు కలిపిన పచ్చరంగు నీళ్లు. పైన హిమానీనదాలు రాళ్లను నూరి పంపే పిండి వల్ల ఆ రంగట. లోమ్ పొలిమేరలో మా మేనల్లుడు కారు పక్కకు తీసి ఆపాడు.

"మామా, ఆ బోర్డు మీద ఏముందో చెప్పు చూద్దాం."

నీలం డాలు, దాని మీద పసుప్పచ్చగా మూడు ఆకారాలు. "గరిటెలు," అన్నాను. "పెళ్లివంటల గరిటెలు."

"కాదు. నీకు బాగా తెలిసిన పనికే వాడేవి. నువ్వే కనుక్కో," అని మళ్లీ కారు తీశాడు.

లోమ్ జనాభా సుమారు 2,300. మన లెక్కలో ఓ మోస్తరు పంచాయతీ. విస్తీర్ణం చూస్తే దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు! నార్వేలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం గాల్‌హ్యోపిగెన్, 2,469 మీటర్లు, వీళ్ల హద్దులోనే ఉంది. ఊరి నడుమ 12వ శతాబ్దంలో కట్టిన చెక్క చర్చి, కప్పు మీద డ్రాగన్ తలలతో. వచ్చిన టూరిస్టులంతా దాని ముందే ఫోటోలు దిగుతున్నారు. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని ఊరి గుర్తుగా గరిటెలేమిటి?

అదే గుర్తున్న జెండా పంచాయతీ ఆఫీసు ముందు కనిపించింది. గాలి లేక కర్రకు అతుక్కుపోయి ఉంది. ఒక్కసారి మాత్రం విచ్చుకుంది. నీలం గుడ్డ, మూడు పసుపు ఆకారాలు, అంతే. పేరు లేదు, నినాదం లేదు, చుట్టూ వరికంకులు లేవు.

గుట్టు పాత ఇళ్ల మ్యూజియంలో తెలిసింది. అక్కడున్నావిడ గోడకు ఆనించిన ఒక పొడుగు కాడ తీసి నా చేతికిచ్చింది. కాడ చివర దోనెలా తొలిచిన చెక్కపార. అంచులు అరిగి నున్నగా, చేతులు పట్టే చోట నల్లగా ఉంది. దాన్ని కాలవలో ముంచి, నడుం తిప్పి, గాల్లోకి విసిరినట్టు ఆవిడ చేసి చూపించింది. నీళ్లు వానలా చేను మీద పడాలట.

నాకు నోట మాట రాలేదు. అనంతపురం జిల్లాలో మా నాయన, చిన్నాయన ఎదురెదురుగా నిలబడి చేనుకు నీళ్లు తోడే గూడ వేసిన రోజులు కళ్లముందుకొచ్చాయి. ఇద్దరి చేతుల్లో తాళ్లు, మధ్యలో ఊగే గూడ. మడవ దగ్గర కూర్చుని గూడలు లెక్కపెట్టడం నా పని. లెక్క తప్పితే తిట్లు.

నార్వేలో నీటి కరువేమిటని మీకూ అనిపిస్తుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు పడమటి కొండల మీదే కురిసి ఖాళీ అయిపోతాయి. తీరంలోని బెర్గెన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన. ఈ లోయకు చేరేసరికి మిగిలేది 300 చిల్లర. మా అనంతపురానికే దాదాపు 550! మాకు పడమటి కనుమలు చేసే నిర్వాకమే వీళ్లకు యోటున్‌హైమెన్ కొండలు చేస్తున్నాయి. కాకపోతే వీళ్ల నెత్తిన మంచు ఉంది, కరిగి వస్తుంది. ఆ నీటిని తొలిచిన దుంగల మీదుగా, కొండవాలు కాలవల్లోంచి పొలాలకు దించుకునేవాళ్లు, మధ్యయుగాల నుంచీ. కాలవ దాకా వచ్చిన నీటిని చేనంతా చల్లడానికి ఈ పార. ఇప్పుడు ఆ పని స్ప్రింక్లర్లది. దారి పొడుగునా పచ్చిక బీళ్లలో చిటచిటమంటూ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ గుర్తు పాతదేమీ కాదు, 1987లో వచ్చింది. నార్వేలో గ్రామీణ స్థానిక పాలన చట్టం 1837 నాటిది. నూట యాభై ఏళ్లు నిండే వేళకు డాలు గుర్తు లేని ఊళ్లు చాలా మటుకు ఒకటి సంపాదించుకున్నాయి. నియమాలు మాత్రం గట్టివి. బంగారం, వెండిలో ఒకటి; ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపుల్లో ఒకటి. ఒకే రకం బొమ్మ. అక్షరాలు కూడదు, నీడలు కూడదు. అప్పట్లో రాజుగారి ఆమోదం కావాలి. ఈ కట్టుబాటు వల్లే కౌటోకైనో ఊరివాళ్లు ఉత్తరాది ఆదివాసులైన సామీల గుడారంతో, బార్దు వాళ్లు వుల్వరిన్ అనే అడవి జంతువుతో సరిపెట్టుకున్నారు. మనవాళ్లయితే శిఖరం, చర్చి, ఏరు, పైన సూర్యుడు, కింద పేరు, అన్నీ ఇరికించేవాళ్లు. మన పంచాయతీలకు సొంత గుర్తే లేదు. ఉన్న గోడలకు ఎవరి రంగు వేయాలన్న గొడవ ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సుప్రీంకోర్టు దాకా పోయింది.

అలాగని ఇక్కడ గుర్తులు శాశ్వతమనుకోవద్దు. లోమ్ ఉండే జిల్లా పేరు ఓప్లాండ్, దాని డాలు మీద రెండు కొండపూలు. 2020లో దాన్ని పక్కనున్న హెడ్మార్క్‌తో కలిపి ఇన్‌లాండెట్ అన్నారు. పూలు పోయాయి. ఆ ఏడు దేశంలో ఊళ్ల కౌన్సిళ్లు 422 నుంచి 356కి తగ్గాయి. కలిసిపోయిన చాలా ఊళ్ల డాళ్లకూ అదే గతి. లోమ్ కలవలేదు కాబట్టి పారలు మిగిలాయి.

సాయంత్రం వంతెన మీద నిలబడి చిన్నాయనకు ఫోన్ చేశాను. పార ఫోటో అప్పటికే వాట్సాప్‌లో పంపాను.

"ఒకడే ఏస్తాడా? రెండో తాడు ఎవురు పట్టుకుంటార్రా అబ్బీ?"

"తాడు లేదు చిన్నాయనా, కాడే. ముంచి విసరడమే."

కాసేపు చప్పుడు లేదు. ఫోటో మళ్లీ చూస్తున్నట్టున్నాడు.

"అట్లయితే గంటకే రెక్కలు పడిపోతాయి గదరా. మన గూడ సంగతి వాళ్లకు చెప్పకపోతివా?"