51 దగ్గరే ఆగిన మైలేజీ: ఈసారి అనుమానం సూది గొట్టం మీద

నా పాత 100 సిసి బైకు మైలేజీ మళ్ళీ 51! ఎయిర్ ఫిల్టర్ కొత్తది, కార్బ్యురేటర్ సూది (గొట్టంలో పైకీ కిందికీ కదులుతూ పెట్రోలును కొలిచేది) కొత్తది, ఫ్లోట్ లెవెల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు మట్టం) సరిచేశాను. అయినా లీటరుకు 51 కి.మీ. దాటడం లేదు. ఒళ్ళు మండిపోతోంది. విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఎన్ఏడీ కూడలి ట్రాఫిక్‌లో తిరుగుతూ కూడా ఈ బండి ఒకప్పుడు 60 ఇచ్చేది.

ఉప్పుగాలికి పట్టేసిన వెనక బ్రేక్ క్యామ్ మాత్రం ఫ్రీ అయింది, చక్రం హాయిగా తిరుగుతోంది, కాబట్టి మైలేజీ తగ్గడానికి బ్రేకు కారణం కాదు.

అందరూ ‘ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లే’ అంటున్నారు. నేను ఒప్పుకోను. లీటరుకు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే 60 కాస్తా 56 అవ్వాలి, 51 కాదు. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బ్యురేటర్ బండిలో మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవ్వాలి. నా స్పార్క్ ప్లగ్ మీద పొడి మసి పడుతోంది, అంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ). ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ వేసినా అదే నలుపు.

100 మి.లీ. పెట్రోలు సీసా కట్టి రుషికొండ దాటాక భీమిలి రోడ్డులో 45 స్పీడు మీద నడిపితే 5.1 కి.మీ. వచ్చింది. సూది క్లిప్ ఒక గాడి పైకి వేస్తే (సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది) 5.5! కానీ హనుమంతవాక ఎత్తులో థ్రాటిల్ తెరవగానే బండి దగ్గుతోంది. మళ్ళీ మధ్య గాడికే తెచ్చాను. మిక్స్చర్ స్క్రూ తిప్పితే ఐడిల్ మారుతోంది తప్ప పావు థ్రాటిల్ దగ్గర రిచ్ తగ్గడం లేదు. చోక్ పూర్తిగానే తెరుచుకుంటోంది.

పాత సూదిని ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపుకి తీసుకెళ్ళాను. మైక్రోమీటర్‌లో అరగనిచోట 2.50, అరిగి మెరుపు గీత పడినచోట 2.46 మి.మీ. “సూది ఇంత అరిగితే దాని గొట్టం అరగదా బాబూ?” అన్నారు షాపాయన. ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే గొట్టం రంధ్రం ఒకవైపుకు కోలగా సాగింది! సూది వణుకుతూ దాన్ని తినేసింది. పావు నుంచి సగం థ్రాటిల్ దాకా పెట్రోలును కొలిచేది సూదికీ గొట్టానికీ మధ్య ఉన్న ఆ సందే. సిటీలో మన బండి ఎక్కువసేపు ఉండేదీ అక్కడే. కొన్ని లోకల్ రిపేర్ కిట్లలో సూది, జెట్లు, గ్యాస్కెట్లు ఉంటాయి, ఈ గొట్టం ఉండదు. సూది ఒక్కటే మార్చడం దండగ అని నా అభిప్రాయం.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బళ్ళలో చాలావాటికి కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, వాటికి ఈ తలనొప్పి లేదు. అయినా విప్పి, కొలిచి, సరిచేసుకునే కార్బ్యురేటరే నాకిష్టం. కెయిహిన్ కంపెనీ ఒరిజినల్ సూది, గొట్టం సెట్టుగా దొరుకుతుందేమో వెతుకుతున్నాను. అది వేశాక 56 వస్తే, ముందు స్ప్రాకెట్ 14 పళ్ళది తీసి 15ది వేసి చూడాలని ఉంది. హైవే మీద ఆర్‌పీఎమ్ తగ్గుతుంది. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని సింహాచలం కొండ ఎక్కగలదా అన్నదే టెన్షన్, అందుకే 14ది దాచి ఉంచుతాను.